చేలో వేలాడుతున్న పాట

మాఘమాసం చివర్లో ఒక పొద్దున అచ్చంపేట నుంచి సత్తెనపల్లి వెళ్తుంటే రోడ్డు వారగా జొన్నచేలో ఏదో తళుక్కుమని కళ్ళల్లో కొట్టింది. పిట్టల బెడదకి కర్రలు పాతి, పురికొసతో సీడీలు కట్టారు. గాలికి గిరగిరా తిరుగుతూ ఎండని చేనంతా చల్లుతున్నాయి. మా వైపు ఇది కొత్త కాదు. కంకి పాలు పోసుకునే రోజుల్లో చేలకి ఇలా కాపలా కాయడం ఏళ్ళ తరబడి చూస్తున్నదే. నేను కారు ఆపింది వాటిలో ఒక్కదాని కోసం. మిగతా వాటి అడుగు ఆకుపచ్చగానో నీలంగానో వెలిసిపోయి ఉంది. ఇదొక్కటే వెండి రేకులా నిగనిగలాడుతోంది. గట్టు దిగి వెళ్ళి తిప్పి చూశాను. స్కెచ్ పెన్నుతో చేత్తో రాసింది కాదు, అచ్చు గుద్దిన అక్షరాలు, సగం గీసుకుపోయి ఉన్నాయి: ‘గీతాంజలి’. 1989 నాటి ఇళయరాజా. కంపెనీ వేసిన అసలు సిసలు ఆడియో సీడీ.

చేను గలాయన నన్ను ఎరుగును.

“ఇది ఎక్కడిది బాబాయ్?” అన్నాను.

“మావాడు అటక మీద సామాను దించి పారేస్తుంటే తెచ్చాను మాస్టారూ. పాడైనయ్యేగా.”

“ఇది పాడవలేదు బాబాయ్.”

“పాడవకపోతే మాత్రం, వేసుకోడానికి ఇప్పుడు ఏముంది?”

ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు ఉంది. గట్టు మీద నిలబడి చెప్పి ముగించేది కాదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

సీడీకి మన ఊళ్ళలో అన్యాయం జరిగింది. విని, నచ్చక, పక్కన పెట్టి ఉంటే నాకు ఇంత బాధ ఉండేది కాదు. మనం దాన్ని విననేలేదు. 1982 అక్టోబరులో జపాన్‌లో మొదటి సీడీ ప్లేయరు అమ్మకానికి వచ్చింది. 1984 నాటికి కారులో పెట్టుకునే ప్లేయర్లు కూడా తయారయ్యాయి. ఆ రోజుల్లో పల్నాడులో రాజ్యం కాసెట్టుదే. ఎండాకాలం కారులో వదిలేస్తే టేపు మెలికపడేది, పెన్సిలు దూర్చి చుట్టుకునేవాళ్ళం. తర్వాత చాలా ఏళ్ళకి తెలుగు సినిమా పాటల సీడీలు వచ్చినా కాసెట్టు ధరకి రెండు మూడు రెట్లు ఉండేవి. కావాలంటే గుంటూరు అరండల్‌పేట దాకా పోవాలి. నా మొదటి సీడీ నేను అక్కడే కొన్నాను. ఇంట్లో ప్లేయరు లేదు. కొన్న నాలుగు నెలలకి ప్లేయరు కొన్నాను. ఆ నాలుగు నెలలూ కవరు తీసి పేర్లు చదువుకుని మళ్ళీ బీరువాలో పెట్టేవాణ్ణి.

ఆ తర్వాత, 2000 దాటాక, బస్టాండు దగ్గర తోపుడుబండ్ల మీద పలుచటి ప్లాస్టిక్ కవర్లలో అదే ఆకారంలో ఇంకో వస్తువు దిగింది. ఘంటసాల హిట్సు, బాలు హిట్సు, భక్తిపాటలు, ఏదైనా సరే, ఒక్క బిళ్ళలో నూటయాభై పాటలు. అది ఎంపీ3 సీడీ. మన జనం ‘సీడీ’ అని పిలిచింది దాన్నే. కాసెట్టు నుంచి ఒక్క అంగలో అందరూ దాని మీదికి దూకారు. నడుమ ఉన్న మెట్టు మీద ఎవరి కాలూ ఆనలేదు.

అసలు సీడీలో పట్టేది 74 నిమిషాలు, కొన్నిట్లో 80. అంటే పదిహేను పాటలు. అదే బిళ్ళలో నూటయాభై పట్టించారు. సోలెడు గిన్నెలో పది సోలలు పట్టించామని ఎవరైనా చెబితే, మిగతా తొమ్మిది సోలలూ ఎక్కడ పారబోశావని ఇంట్లో ఆడవాళ్ళు నిలదీస్తారు. పాట దగ్గర మాత్రం ఆ ప్రశ్న ఎవరూ వేయలేదు.

ఎక్కడ పారబోశారో లెక్క చెప్పొచ్చు. సీడీ మీద పాట ఉన్నదంటే, ధ్వనిని సెకనుకి 44,100 సార్లు కొలిచి, ఒక్కో కొలతనీ 16 బిట్లలో రాసి, ఎడమ చెవికి ఒకటి, కుడి చెవికి ఒకటి దాచిపెట్టారని అర్థం. అదంతా కలిపితే సెకనుకి 14 లక్షల 11 వేల బిట్లు. బండి మీద దొరికిన ఎంపీ3లో సాధారణంగా ఉండేది సెకనుకి లక్షా 28 వేలు. పదకొండో వంతు.

ఎంపీ3 చేసినవాళ్ళని నేను తప్పుపట్టను. జర్మనీలో ఎర్లాంగెన్ అనే ఊళ్ళో ఫ్రౌన్‌హోఫర్ సంస్థలో కార్ల్‌హైన్జ్ బ్రాండెన్‌బర్గ్, ఆయన తోటివాళ్ళూ ఏళ్ళ తరబడి తపస్సు చేసినట్టు చేసిన పని అది. సుజాన్ వేగా అనే అమెరికా గాయని వాద్యాలేమీ లేకుండా ఒంటరిగా పాడిన పాటని మళ్ళీ మళ్ళీ విని, ఆ గొంతు చెడకుండా ఉండేదాకా సరిదిద్దుకున్నారు. వాళ్ళు పట్టుకున్న సూత్రం మనకి బాగా తెలిసిందే. కోటప్పకొండ తిరునాళ్ళలో ప్రభ మీద మైకు మోగుతుంటే పక్కనున్న మనిషి గుసగుస వినపడదు. వినపడనిదాన్ని మోయడం ఎందుకని, పెద్ద శబ్దం చాటున దాగే చిన్న శబ్దాల్ని తీసేశారు. ఫోను తీగల మీద, నెమ్మదిగా నడిచే కంప్యూటర్ల మీద పాట పంపాల్సిన కాలంలో అది గొప్ప ఉపాయం. ఇరుకు సందులో దూరడానికి తలపాగా తీసిన మనిషి, సందు దాటాక మళ్ళీ చుట్టుకోవాలి కదా. మనం తలపాగాని అక్కడే వదిలేసి వచ్చేశాం.

పోయినదేమిటో చెవితోనే చెప్పాలి. ఎంపీ3 పాటని చిన్న చిన్న ముక్కలుగా కోస్తుంది. ఒక్కో ముక్కకి 1,152 నమూనాలు, సెకనుకి దాదాపు 38 ముక్కలు. బిట్లు చాలనప్పుడు లెక్కలో వచ్చే తప్పు ఆ ముక్కంతా పరుచుకుంటుంది. నిండుగా సాగే వయొలిన్ల గుంపులో అది తెలియదు. మృదంగం మీద దెబ్బ పడినప్పుడు తెలుస్తుంది. దెబ్బకి ముందుండే నిశ్శబ్దంలోకి ఆ తప్పు ఒక సన్నని బూడిదలా ముందుగానే రాలుతుంది. దెబ్బ పడకముందే దాని నీడ పడుతుందన్నమాట. ‘ట’ అని ఖచ్చితంగా పలకాల్సింది ‘ఛ్ట’ అంటుంది. తాళాల మోత, మువ్వల చప్పుడు, డప్పు మీద సిర్ర దెబ్బ, బుర్రకథలో గుమ్మెట, అన్నిటికీ ఇదే గతి. మన సంగీతంలో సగం ప్రాణం ఈ దెబ్బల్లోనే ఉంది.

ఇక నాదస్వరం. మా జిల్లాలోని చిలకలూరిపేట ఆ వాద్యానికి పేరుపడ్డ ఊరు. కరవదిలో పుట్టి శ్రీరంగంలో స్థిరపడిన షేక్ చిన మౌలానా మన తెలుగువాడే. ఆ వాద్యం ఒక్క స్వరం పట్టినా దాని మీద పొరలు పొరలుగా పైస్వరాలు లేస్తాయి. ఆ పొరలే దాని రంగు. అరకొర బిట్లలో అది రేకు బూర అయిపోతుంది. పెళ్ళిలో పందిట్లో కూర్చుని విన్నవాడికి కారులో ఆ శబ్దం వినపడితే కడుపు రగులుతుంది.

ఒక సంగతి మాత్రం వదిలేస్తాను. తక్కువ బిట్ల ఎంపీ3లో 16 వేల హెర్ట్జ్‌కి పైన ఉన్నదంతా కోసేస్తారని సీడీ పక్షంవాళ్ళు తరచూ మొత్తుకుంటారు. నిజమే, కోస్తారు. కానీ అరవై దాటిన నా చెవికి అది ఎలాగూ అందదు. అందని దాని కోసం నేను వాదించను. అందేదే బోలెడు పోయింది.

పైగా ఊళ్ళోకి వచ్చింది మొదటి చేతి ఎంపీ3 కూడా కాదు. ఎవరో సీడీ నుంచి తీసినదాన్ని ఇంకెవరో మరింత నొక్కి వెబ్‌సైటులో పెట్టారు. దాన్ని సెల్‌ఫోన్ షాపులవాళ్ళు దింపుకుని మెమరీ కార్డుల్లో, పెన్‌డ్రైవ్‌లలో ఎక్కించారు. కొందరు ఆ నీరుగారిన పాటనే మళ్ళీ ఉబ్బించి ‘320’ అని పేరు పెట్టారు. పిండి పట్టించాక బస్తా మీద బియ్యం అని రాస్తే బియ్యం అవుతాయా?

కారులో వినేదానికి ఇదంతా ఎందుకు, ఇంజను రొద, టైర్ల రొద, ఎదురుగాలి, వీటిలో ఈ సన్నాలన్నీ ఎవరికి వినపడతాయి అని అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. పిడుగురాళ్ళ దాటాక అద్దంకి–నార్కట్‌పల్లి రోడ్డు మీద సిమెంటు లారీల నడుమ ఎనభైలో పోతున్నప్పుడు పాటలోని మెత్తని చోట్లు రోడ్డు రొదలో మునిగిపోతాయి. అది నేను ఒప్పుకుంటాను. కానీ మా ఊళ్ళలో పాట కూర్చుని వినే చోటు ఇంకెక్కడుంది? ఇంట్లో టీవీ, వంటింట్లో మిక్సీ, వీధిలో మైకు. హైదరాబాదు నాలుగైదు గంటల దూరం. అద్దాలెత్తుకుని, రెండు పక్కలా స్పీకర్లున్న గదిలో, మనిషి కదలకుండా కూర్చునేది ఆ నాలుగైదు గంటలే. వినడానికి మిగిలిన ఒకే ఒక్క గది కారు. రొద ఉంది కాబట్టి నాసిరకం చాలు అనడం, దుమ్ము పడుతుంది కాబట్టి చెప్పులేసుకుని నడవక్కర్లేదు అన్నట్టుంది.

మా అన్న కొడుకుతో ఒకసారి ఈ వాదన తెగక కారులోనే తేల్చుకున్నాం. “నా పెన్‌డ్రైవ్‌లో నాలుగు వేల పాటలున్నాయి బాబాయ్, నీ డబ్బాలో ముప్పై బిళ్ళలున్నాయి” అని వాడి దెప్పుడు. పొందుగల ఇంకా రాకముందు, కృష్ణ వంతెన ఎక్కకముందు, ఒక చింతచెట్టు కింద ఆపాం. ఏసీ కట్టేసి అద్దాలెత్తాం. 1986 నాటి ‘సిరివెన్నెల’ పాట ఒకటి ముందు వాడి పెన్‌డ్రైవ్‌లోది విన్నాం, తర్వాత నా సీడీలోది. ఆ సినిమాలో వేణువు ఊదింది హరిప్రసాద్ చౌరాసియా. పెన్‌డ్రైవ్‌లో వేణువు వినిపించింది. సీడీలో వేణువుతో పాటు ఊదే మనిషి వినిపించాడు. స్వరం మొదలవడానికి ముందు గాలి గొట్టం అంచుకి తగిలే ఆ చిన్న తాకిడి, స్వరం వదిలాక మిగిలే ఊపిరి. వాడు కాసేపు మాట్లాడలేదు. “ఇదే పాటా బాబాయ్?” అన్నాడు.

దీన్ని నేను శాస్త్ర పరీక్ష అనను. ఏది ఏదో మా ఇద్దరికీ తెలుసు. తర్వాత వాడు అదే సీడీ నుంచి నింపాదిగా, 320లో ఎంపీ3 చేసి తెచ్చాడు. ఆ రెంటికీ తేడా మాకు దొరకలేదు. నిజం నిజమే. బాగా చేసిన ఎంపీ3ని సీడీ నుంచి వేరు చేయడం చాలామందికి కష్టం. కానీ వాడు అది చేయగలిగింది దేని నుంచి? నా డబ్బాలో ఉన్న బిళ్ళ నుంచి. మూలం ఉంటేనే మంచి నకలు. ఆ మూలాన్నే మనం జొన్నచేలో కడుతున్నాం.

సీడీ మీద ఇంకో నింద ఉంది, అది త్వరగా పాడైపోతుందని. రెంటచింతల ఎండలు ఎరిగిన జిల్లా మాది. డ్యాష్‌బోర్డు మీద పెట్టిన సీడీ రెండు వేసవుల్లో చచ్చిపోయిందని ఎందరో నాతో అన్నారు. చచ్చింది ఇంట్లోనో షాపులోనో కాల్చుకున్న బిళ్ళ. దానిలో పాట ఒక రంగు పొర మీద ఉంటుంది. ఆకుపచ్చగా, నీలంగా కనపడేది ఆ రంగే, ఎండకి అది వెలుస్తుంది. కంపెనీ వేసిన సీడీలో రంగు లేదు. ప్లాస్టిక్‌లో అచ్చుగా ఒత్తిన గుంటలు, వాటి మీద అల్యూమినియం పూత. ఆ గుంటల వరస మొత్తం విప్పితే ఐదు కిలోమీటర్లు దాటుతుంది. గీత పడ్డా ఫర్వాలేదు. పాటని వరసగా రాయకుండా చెదరగొట్టి, లెక్కల కాపలా పెట్టి రాశారు కనుక, దారి వెంట సుమారు రెండున్నర మిల్లీమీటర్లు చెరిగిపోయినా పోయిన బిట్లని పొల్లుపోకుండా తిరిగి కట్టగలదు. గోతుల రోడ్డు మీద పాట ఎగిరిపడేది, అది వాస్తవం. తర్వాతి ప్లేయర్లు కొన్ని సెకన్ల పాట ముందే చదివి దాచుకోవడం నేర్చుకున్నాక ఆ బాధ చాలావరకు పోయింది. నకిలీ చేసిన తప్పుకి అసలుకి శిక్ష వేశాం.

ఇంతవరకూ శబ్దం. నన్ను అంతకన్నా ఎక్కువ మండించేది పేర్ల సంగతి.

మా అన్న కొడుకు కారు తెర మీద ఆ రోజు వచ్చిన అక్షరాలు నాకింకా గుర్తు. పాట పేరు ఉండాల్సిన చోట ‘ట్రాక్ 07’, పక్కన ఏదో వెబ్‌సైటు పేరు. పాడినవారి పేరుండాల్సిన చోట ‘అన్‌నోన్ ఆర్టిస్ట్’. తెలియని కళాకారుడట! పాడింది బాలు. రాసింది సీతారామశాస్త్రి. ఆయన ఆ సినిమాకి రాసి, ఆ సినిమా పేరే ఇంటిపేరై, సిరివెన్నెల సీతారామశాస్త్రిగా 2021లో కన్నుమూశాడు. స్వరం కట్టింది కె.వి. మహదేవన్. తీసింది కె. విశ్వనాథ్. వీళ్ళు తెలియనివాళ్ళా? అనామకులైతే సరే అనుకోవచ్చు. తెలుగువాడి నాలుక మీద ముప్పై నలభై ఏళ్ళు ఆడిన పేర్లు తెర మీద చెరిగిపోయాయి. కారు వెనకసీటులో పదేళ్ళ పిల్ల ఆ పాట పాడుకుంటుంది. ఎవరు రాశారని అడగడానికి కూడా దానికి ఆధారం లేదు, పాట తనంతట తానే పుట్టిందనుకుంటుంది. సీడీ కవరు మీద ఆ పేర్లన్నీ ఉండేవి. నా దగ్గరున్న కవర్లలో వాద్యకారుల పేర్లు లేవు, ఆ లోటు అప్పటిదే. కానీ రాసిన చెయ్యి, పాడిన గొంతు, కట్టిన మనసు, మూడూ ఉండేవి. ఇరవై రూపాయలకి నూటయాభై పాటలు కొన్న రోజున మనం ఈ పేర్లు చెరపడానికి కూడా డబ్బిచ్చాం. ఆ ఇరవైలో వాళ్ళకి చేరింది ఒక్క పైసా లేదు.

రెండేళ్ళ క్రితం మావాడి కోసం కారు చూడటానికి గుంటూరులో ఒక షోరూముకి వెళ్ళాం. పలకంత తెర ఉంది. దారి చూపిస్తుంది, వెనకా ముందూ చూపిస్తుంది. సీడీ పెట్టే చోటు ఏదని అడిగాను. అక్కడి కుర్రాడు మర్యాదగానే చెప్పాడు: “ఇప్పుడు అవి రావట్లేదు సార్. బ్లూటూత్‌లో పెట్టుకోవచ్చు.” బ్లూటూత్ అంటే ఏమిటో చూడండి. ఫోనులో అప్పటికే నొక్కేసి ఉన్న పాటని విప్పి, గాలిలో పంపడానికి ఇంకోసారి నొక్కుతుంది. పిండిన బట్టని మళ్ళీ పిండటం. ఇక నెట్‌లో నేరుగా వినే పాటలు. సిగ్నల్ సన్నబడిన చోట చాలా యాప్‌లు నాణ్యత తమంతట తామే తగ్గించేసుకుంటాయి, మనకి చెప్పవు. అచ్చంపేట నుంచి కృష్ణ ఒడ్డుకి మాదిపాడు వైపు పోతే ఆ సన్నబడటం నా చెవికి తెలుస్తుంది. పాట ఆగదు, చిక్కిపోతుంది.

సీడీ ప్లేయరుని మళ్ళీ కార్లలో పెట్టండి అంటే కంపెనీలు వినవని నాకు తెలుసు. అయినా అడుగుతాను. ఆ సందు వెడల్పు జానెడు లేదు. అది కుదరకపోతే, యూఎస్‌బీలో ఫ్లాక్ ఫైలు పెడితే చదివే ఏర్పాటు చౌక కార్లలో కూడా ఉండేట్టు చూడండి. ఫ్లాక్‌లో కుదింపు ఉంది, కానీ ఒక్క బిట్టు కూడా పారబోయదు. దుప్పటి మడతపెట్టినట్టు మడిచి, విప్పినప్పుడు దుప్పటంతా ఇస్తుంది. అది 2001 నుంచీ ఉచితంగా ఉంది. పాటల హక్కులున్న తెలుగు ఆడియో కంపెనీల్ని అడుగుతున్నాను: మీ గోదాముల్లో మాస్టర్ టేపులున్నాయి. వాటి నుంచి ఏమీ పోకుండా తీసి, రాసినవారి పేరు, పాడినవారి పేరు, స్వరపరిచినవారి పేరు, సంవత్సరం, అన్నీ ఫైలులోనే పొందుపరిచి తెలుగులో అమ్మండి. కొనేవాళ్ళు లేరని ముందే తీర్మానించకండి. మేం కొనలేదన్నది ఎప్పుడు? మా ఊరి దాకా మీరు తెచ్చి అమ్మింది ఎప్పుడు?

పొన్నెకల్లు నాజర్ పల్నాటి యుద్ధం బుర్రకథ చెప్పినప్పుడు ఈ గడ్డ మీద జనం తెల్లవార్లూ కూర్చునేవాళ్ళని మా నాన్న చెప్పేవాడు. ఆయన గొంతు ఈ రోజు ఎవరి ఫోనులోనైనా దొరికితే, అది నకలుకి నకలు తీసిన గరగర. అసలు రికార్డులు ఎవరి ఇంట్లో ఏ రూపంలో ఉన్నా దయచేసి నొక్కకండి. మొత్తం ఉన్నదున్నట్టు ఎక్కించండి. చోటు చాలదన్న మాట ఇప్పుడు చెల్లదు. ఒకప్పుడు 700 ఎంబీ బిళ్ళలో ఇరుక్కున్నాం కాబట్టి కోశాం. ఇవాళ చిటికెనవేలు గోరంత కార్డులో వందల సీడీలు పొల్లుపోకుండా పడతాయి. ఇరుకు పోయినా కోత మానలేదు.

ఇళ్ళల్లో ఉన్నవాళ్ళకి ఒక్కటే మనవి. అటక దులిపేటప్పుడు బిళ్ళని తిప్పి చూడండి. అడుగు ఆకుపచ్చగానో నీలంగానో ఉంటే మీ ఇష్టం. వెండిలా ఉంటే చేలో కట్టకండి.

ఆ రోజు చేను గలాయన నేను అడిగితే కాదనలేదు. “తీసుకుపోండి మాస్టారూ, దాని చోట ఇంకోటి ఇచ్చి పోండి, పిట్టలు ఊరుకోవుగా” అన్నాడు. న్యాయమైన మాటే. నా కారు డబ్బాలో ఎప్పటిదో నూటయాభై పాటల బిళ్ళ ఉంది, చదవడం మానేసి చాలా కాలమైంది. పురికొస విప్పి దాన్ని ఆ కర్రకి నేనే కట్టాను.

ఇంటికి తెచ్చి మెత్తటి గుడ్డ తడిపి, నడుమ నుంచి అంచు వైపు తుడిచాను. కారులో పెట్టాను, 2009లో కొన్న పాత కారు, సందు ఇంకా పనిచేస్తోంది. సీడీ లోపలి నుంచి బయటికి చదువుతుంది. కర్రకి ఒరుసుకున్నది బయటి అంచు. ఆఖరి పాట నడుమలో రెండు చోట్ల తడబడింది. మిగతావన్నీ పలికాయి, చివరికి ఆ బేస్ గిటారు నడక కూడా, ఒక్కొక్క అడుగూ విడివిడిగా.

దానికి కవరు లేదు. తెల్లకాగితం మడిచి కవరు చేశాను. నా దగ్గరున్న ఇంకో ప్రతి చూసి నీలం సిరాతో రాశాను: గీతాంజలి, 1989. సంగీతం ఇళయరాజా. రచన వేటూరి. గానం ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం, ఎస్. జానకి, చిత్ర. మా అన్న కొడుకు పక్కనే కూర్చుని చూస్తున్నాడు. వాడి ల్యాప్‌టాప్ తెచ్చుకుని, నాలుగు వేల పాటల్లో మొదటి దాని దగ్గర ఆపి, “ఇది ఎవరు రాశారు బాబాయ్?” అని అడిగాడు.